అశ్వహృదయ మెఱిగిన జెనొఫను

మన మహాభారతములో నలమహారాజు కథ మీరు చదివియుందురు. నలుడు అశ్వహృదయమను విద్య నెఱిగినవాడు. అతడు తోలిన రథము వాయువేగమున పోయెనని ఆ కథ చెప్పుచున్నది. పాండవులలో నకులుడు అశ్వశిక్షణమున ప్రసిద్ధుడు. అజ్ఞాతవాసమున విరాటుని కొలువులో ఆ పనికే కుదిరెను. గుఱ్ఱము మనసు తెలిసికొని దానిని నడుపుట గొప్ప విద్య యని మన పెద్దలు తలచిరి. ఈ విద్యను గూర్చియే గ్రీసు దేశమున సుమారు 2,400 ఏండ్ల క్రిందట ఒక చిన్న గ్రంథము వెలువడెను. దానిని వ్రాసినవాడు జెనొఫను. అతడు సేనాని, చరిత్రకారుడు, సోక్రటీసు శిష్యుడు. అశ్వవిద్యను గూర్చి గ్రీకు భాషలో సంపూర్ణముగా మనకు దక్కిన గ్రంథములలో అతనిదే మిక్కిలి ప్రాచీనమైనది.

జెనొఫను క్రీ. పూ. 430 ప్రాంతమున ఏథెన్సు రాజ్యమున జన్మించెను. అతని తండ్రి పేరు గ్రిల్లసు. వారిది కలిగిన కుటుంబము. గ్రీసు దేశమున కొండలు మెండు, మేతబీళ్లు తక్కువ. కావున అచ్చట గుఱ్ఱమును పోషించుట సంపన్నులకు మాత్రమే సాధ్యమయ్యెడిది. అట్టివారి బిడ్డలే ఏథెన్సు రౌతుల దళమున చేరెడివారు. అతడు పుట్టిన కాలమున ఏథెన్సునకును స్పార్టాకును ఘోరయుద్ధము సాగుచుండెను. 431లో మొదలైన ఆ యుద్ధము 27 సంవత్సరములు నడచి, 404లో ఏథెన్సు ఓటమితో ముగిసెను. జెనొఫను బాల్య యౌవనములు యుద్ధవార్తలను వినుచునే గడచెను.

ఆ కాలపు స్వారి నేటి స్వారి వంటిది కాదు. గ్రీకు రౌతునకు జీను లేదు; పాదములు మోపుకొనుటకు అంకవన్నెలు లేవు. గుఱ్ఱము వీపుపై ఒక బట్ట పరచుకొని, కొన్ని వేళల అదియు లేకయే, తొడల బిగువుతో నిలదొక్కుకొని కూర్చుండవలెను. ఎడమచేత కళ్లెపు పగ్గములు, కుడిచేత ఈటె ఉండును. పోరాటమున రెండు చేతులతో పగ్గములు లాగుటకు వీలుపడదు. ఎడమచేయి కొంచెము కదలినంతనే గుఱ్ఱము సైగ గ్రహించి మళ్లవలెను. మళ్లుట ఆలస్యమైనచో శత్రువు ఆయుధము తగులును. వేగమున నుండగా గిఱ్ఱున తిరిగినచో గుఱ్ఱము జాఱి పడును; దానితో రౌతును నేల కూలును.

తరువాతి శతాబ్దములలో అనేక దేశముల రౌతులు ఇందులకై ఒక పద్ధతిని నేర్పిరి. పగ్గమును మెడకు కుడి ప్రక్క మెల్లగా తాకించినచో గుఱ్ఱము ఎడమకును, ఎడమ ప్రక్క తాకించినచో కుడికిని తిరుగునట్లు అలవాటు చేయుదురు. అప్పుడు ఒక్క చేతితోనే గుఱ్ఱమును ఎటు కావలసిన నటు మళ్లింపవచ్చును. జెనొఫను నాటి పద్ధతి ఇది కాదు. నాడు కళ్లెముతో దవడను మళ్లించెడివారు. పద్ధతి వేఱైనను మూలసూత్ర మొక్కటే. గుఱ్ఱము నోరు చీల్చునట్లు లాగి త్రిప్పుట విద్య కాదు. చిన్న సైగకే అది తనంత తాను తిరుగునట్లు నేర్పుట విద్య. ఈ మాట విలువ జెనొఫనునకు పుస్తకములవలన గాక కష్టములవలన తెలిసి వచ్చెను.

యౌవనమున నతనికి సోక్రటీసు దర్శనమైన తీరును గూర్చి ఒక కథ కలదు. జెనొఫను ఒకనాడు ఇఱుకైన సందులో పోవుచుండగా సోక్రటీసు తన చేతికఱ్ఱ నడ్డముగా చాచి దారి ఆపెనట. తినుబండారములు ఎచ్చట దొరకునని వరుసగా అడిగెనట. యువకు డన్నిటికిని బదులు చెప్పెను. అప్పుడు సోక్రటీసు, మనుష్యులు మంచివారగుట ఎచ్చట నేర్తురని అడిగెను. జెనొఫను బదులు చెప్పలేక నిలిచిపోయెను. అట్లయిన నావెంట వచ్చి నేర్చుకొనుమని సోక్రటీసు పలికెను. నాటినుండి అతడు ఆ మహనీయుని శిష్యుడయ్యెను.

క్రీ. పూ. 401లో ప్రాక్సెనసు అను మిత్రునినుండి అతనికి ఆహ్వానము వచ్చెను. పారసీక రాజకుమారుడైన సైరసు గ్రీకు యోధులను కూర్చుకొనుచుండెను. వచ్చి చేరినచో అతని స్నేహము లభించునని ప్రాక్సెనసు వ్రాసెను. జెనొఫను గురువు సలహా నడిగెను. డెల్ఫై దేవాలయమునకు పోయి దైవమును అడుగుమని సోక్రటీసు చెప్పెను. శిష్యుడు పోయెను గాని, ప్రయాణము చేయవచ్చునా యని అడుగలేదు. ప్రయాణము సుఖముగా జరుగుటకు ఏ దేవతలను కొలువవలెనని అడిగెను. తన కోరికను ముందే నిశ్చయించుకొని ప్రశ్న అడిగినందులకు సోక్రటీసు అతనిని మందలించెను. అడిగిన తరువాత దైవాజ్ఞ ప్రకారము నడువక తప్పదని సాగనంపెను. గురుశిష్యులు మరల కలిసికొనలేదు.

సైరసు తన అన్నయైన ఆర్టజెర్క్సీసు చక్రవర్తిని పదవీచ్యుతుని చేయదలచెను. ఆ సంగతి గ్రీకు సైనికులకు మొదట తెలియదు. పదివేలకు పైబడిన ఆ సైనికులు అతని వెంట నెలల తరబడి నడచి, బాబిలోను నగరమునకు సమీపమున కునాక్సా యను చోటికి చేరిరి. అచ్చట యుద్ధము జరిగెను. తమ ప్రక్కను గ్రీకులు గెలిచిరి. కాని సైరసు హతుడయ్యెను. ఎవని కొఱకు వచ్చిరో అతడే లేడు. స్వదేశము వందలకొలది మైళ్ల దూరమున నున్నది. ఇంతలో పారసీక సేనాని టిస్సఫెర్నీసు సంధి మాటల నెపమున గ్రీకు సేనానులను తన శిబిరమునకు పిలిచి మోసముతో బంధించెను. వారు చంపబడిరి. వారిలో ప్రాక్సెనసు ఒకడు.

ఆ రాత్రి గ్రీకు శిబిరమున చాలమంది వంట చేసికొనలేదు, నిద్రపోలేదు. జెనొఫను అప్పటికి ఏ పదవియు లేనివాడు, వయసున చిన్నవాడు. అయినను అతడు లేచి నాయకులను ప్రోగుచేసి ధైర్యము చెప్పెను. వారు అతనిని ప్రాక్సెనసు స్థానమున సేనానిగా నెన్నుకొనిరి. మరునాడు సైనికులకు పెద్ద భయ మొకటి కలిగెను. శత్రువులకు వేలకొలది రౌతు లున్నారు. తమకు ఒక్కడును లేడు. జెనొఫను వారికి ధైర్యము చెప్పుచు, పదివేల రౌతులనగా పదివేల మనుష్యులే యనియు, గుఱ్ఱము కఱచినందువలనగాని తన్నినందువలనగాని యుద్ధమున చచ్చినవాడు లేడనియు పలికెను. గుఱ్ఱముపై నున్నవాడు శత్రువునకే గాక పడిపోవుటకును భయపడునని చెప్పి వారిని నవ్వించెను.

ఆ మాటలు సైనికులకు ఉత్సాహ మిచ్చెను. కాని కొలది కాలములోనే జెనొఫనునకు తన మాటలోని లోపము తెలిసెను. పారసీక రౌతులును విలుకాండ్రును వడిసెలవాండ్రును వెనుకనుండి వచ్చి గ్రీకులను గాయపఱచసాగిరి. సేన వెనుక భాగమును కాచుచున్న జెనొఫను వారిని తఱుముమని ఆజ్ఞాపించి, తానును తఱిమెను. బరువైన డాళ్లు మోయు పదాతులు గుఱ్ఱములను అందుకొనలేకపోయిరి. పారసీక రౌతులు పాఱిపోవుచునే నడుము త్రిప్పి వెనుకకు బాణములు వేసిరి. నాడు దినమంతయు గడచినను గ్రీకులు ముందునకు సాగిన దూరము సుమారు మూడు మైళ్లు మాత్రమే. తోడి సేనానులు జెనొఫనును తప్పుపట్టిరి. అతడు సాకులు చెప్పలేదు. తప్పు తనదేయని ఒప్పుకొని, వెంటనే దాని నివారణమును వెదకెను.

సైన్యములో రోడ్సు ద్వీపమువారు కొందఱుండిరి. వారు వడిసెల విసరుటలో నేర్పరులు. మూటలు మోయుచున్న గుఱ్ఱములలో కొన్ని స్వారికి పనికివచ్చునవి కలవు. వడిసెలవాండ్రకు ప్రత్యేక సౌకర్యములు కల్పించి, గుఱ్ఱములను ఏఱి రౌతుల కీయవలెనని జెనొఫను సూచించెను. ఆ రాత్రియే సుమారు 200 మంది వడిసెలవాండ్రు సిద్ధమైరి. మరునాటికి 50 గుఱ్ఱములును 50 మంది రౌతులును ఏర్పడిరి. నిన్నటివఱకు మూటలు మోసిన గుఱ్ఱములు నేడు సేనకు రక్షణమయ్యెను. శత్రువులు మరల వచ్చినప్పుడు ఈ చిన్న దళము వారిపై విరుచుకొనిపడెను. శత్రు పదాతులు పెక్కుమంది కూలిరి. దాదాపు 18 మంది రౌతులు ప్రాణములతో పట్టుబడిరి.

ఆ ప్రయాణముననే మఱియొక సంఘటన జరిగెను. ఒక కొండ శిఖరమును శత్రువులకంటె ముందుగా ఆక్రమింపవలసి వచ్చెను. జెనొఫను గుఱ్ఱముపై సాగుచు సైనికులను తొందరపెట్టుచుండెను. సోటెరిడాసు అను సైనికుడు, నీవు గుఱ్ఱముపై పోవుచున్నావు, నేను డాలు మోయలేక చచ్చుచున్నానని విసుగుకొనెను. జెనొఫను కోపపడలేదు. గుఱ్ఱము దిగి, ఆ సైనికుని వరుసనుండి తప్పించి, అతని డాలును తాను తీసికొని నడవసాగెను. అతని మేన రౌతుల బరువు కవచ ముండెను. దానిపై డాలు కూడ చేరగా నడచుట దుర్భరమయ్యెను. అయినను ముందువారిని ప్రోత్సహించుచు వెనుకవారిని పిలుచుచు ఎక్కెను. అది చూచి తోడి సైనికులే సోటెరిడాసును తిట్టి కొట్టి, తన డాలును తాను మోయునట్లు చేసిరి. జెనొఫను మరల గుఱ్ఱమెక్కి, దారి ఉన్నంతవఱకు పోయి, అది లేనిచోట గుఱ్ఱమును విడిచి కాలినడకన సాగెను. గ్రీకులు శత్రువులకంటె ముందుగా శిఖరము చేరిరి.

తరువాత వారు ఆర్మీనియా దేశపు మంచులో చిక్కుకొనిరి. మనుష్యులును పశువులును చలికి చచ్చిరి. కడకు కొన్ని పల్లెలు చేరి సేదదీరిరి. అచ్చట ఇండ్లు నేలలోపల నుండెను. ఒక గ్రామాధికారిని జెనొఫను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేసి, అతని కుటుంబమునకు ఏ హానియు జరుగదని ధైర్య మిచ్చెను. ఆ యూరిలో చక్రవర్తికి కప్పముగా గుఱ్ఱపు పిల్లలను పెంచుచుండిరి. జెనొఫను అలసిపోయిన తన ముసలి గుఱ్ఱమును గ్రామాధికారికి అప్పగించి, తానొక పిల్లను తీసికొని, తోడి నాయకులకు ఒక్కొక్క పిల్ల నిచ్చెను. మంచులో నడచునపుడు గుఱ్ఱముల కాళ్లకు సంచులు కట్టవలెననియు, లేనిచో పొట్టవఱకు దిగబడుననియు ఆ గ్రామాధికారి వారికి తెలిపెను.

అతడే వారికి దారి చూపుచు ముందు నడచెను. మూడవ దినమున ఒక స్పార్టా సేనాని, పల్లెలున్న దారిని పట్టించలేదని అతనిపై మండిపడెను. ఈ ప్రాంతమున పల్లెలే లేవని అతడు బదులు చెప్పెను. సేనాని అతనిని కొట్టెను, కాని కట్టివేయలేదు. ఆ రాత్రియే అతడు తన కుమారుని కూడ విడిచి పాఱిపోయెను. ఆ దీర్ఘ ప్రయాణమంతటిలో ఆ సేనానికిని జెనొఫనునకును వచ్చిన భేదాభిప్రాయము ఇదొక్కటే. అన్నము పెట్టి ఆదరించినంతకాలము ఆ మనుష్యుడు దారి చూపెను. దెబ్బ తగిలినంతనే సేనకు దారిచూపువాడు లేకపోయెను.

క్రీ. పూ. 400లో ఒకనాడు సేన ముందు భాగము ఒక కొండ నెక్కుచుండగా పెద్ద కేకలు వినవచ్చెను. శత్రువులు పైబడిరని తలచి జెనొఫను రౌతులను వెంటబెట్టుకొని గుఱ్ఱమును పరుగెత్తించెను. దగ్గఱకు పోగా ఆ కేకలు భయపు కేకలు కావు. సైనికులు దూరమున సముద్రమును చూచి, సముద్రము సముద్రమని అఱచుచుండిరి. సేనానులని సైనికులని భేదము లేక అందఱు కౌగిలించుకొని ఏడ్చిరి. అది నల్ల సముద్రము. దాని ఒడ్డున గ్రీకు నగరములు కలవు. వారు బ్రతికి బయటపడిరి.

కాని జెనొఫను చేతికి ధనము రాలేదు. కొంతకాలమునకు లాంప్సకసు నగరము చేరునప్పటికి అతనివద్ద ఇంటికి పోవుటకు దారిఖర్చులు కూడ లేవు. అప్పుడతడు తన గుఱ్ఱమును 50 బంగారు నాణెములకు అమ్ముకొనెను. ఆ గుఱ్ఱమనిన అతనికి మిక్కిలి ప్రీతి. ఇంతలో సైనికులకు జీతము లిచ్చుటకు బయాను, నాసిక్లిడీసు అను ఇద్దఱు అధికారులు వచ్చిరి. జెనొఫను ఇష్టముతో గాక అవసరముచే గుఱ్ఱమును అమ్మెనని వారు గ్రహించిరి. ఆ గుఱ్ఱమును తిరిగి కొని తెచ్చి అతని కిచ్చిరి. అతడు వెల ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. ఈ సంగతిని జెనొఫను తన యాత్రాగ్రంథమున స్వయముగా వ్రాసి యుంచెను.

క్రీ. పూ. 399లో ఏథెన్సువారు సోక్రటీసునకు మరణదండన విధించిరి. అప్పుడు జెనొఫను దూరదేశమున నుండెను. తరువాత అతడు స్పార్టా రాజైన అజెసిలాసు కొలువున చేరెను. క్రీ. పూ. 394లో కొరోనియా యుద్ధమున స్పార్టా పక్షమున నుండెను. ఏథెన్సు అతనిని దేశమునుండి బహిష్కరించెను. స్పార్టావారు అతనికి ఒలింపియా సమీపమున స్కిల్లసు అను చోట భూమి నిచ్చిరి. అచ్చట భార్య ఫిలేసియాతోను, గ్రిల్లసు, డయొడోరసు అను ఇద్దఱు కుమారులతోను ఇరువది యేండ్లకు పైగా నివసించెను. వ్యవసాయము, వేట, గుఱ్ఱముల పెంపకము, గ్రంథరచన అతని దినచర్య. పదివేలమంది తిరుగు ప్రయాణమును, గురువును గూర్చిన స్మృతులను, గ్రీకుల చరిత్రను అతడు వ్రాసెను.

జీవితమున గడించిన అనుభవమునంతను కూర్చి, తనకంటె చిన్నవారైన మిత్రుల కొఱకు అతడు అశ్వవిద్యా గ్రంథమును రచించెను. అంతకు పూర్వము సైమను అను నొకడు ఈ విషయమున గ్రంథము వ్రాసియుండెను. తనకును అతనికిని కుదిరిన అభిప్రాయములను తొలగింపననియు, నిపుణుడైన అతడును అట్లే తలచెనన్నచో వానికి బలము చేకూరుననియు జెనొఫను చెప్పెను. ఇట్లు ముందటివానికి గౌరవ మిచ్చి గ్రంథ మారంభించెను.

గుఱ్ఱమును కొనునపుడు మొదట గిట్టలను చూడవలెనని అతడు చెప్పెను. పునాది చెడిన ఇల్లెట్లో కాళ్లు చెడిన గుఱ్ఱ మట్లు. పిల్లను శిక్షకున కప్పగించునపుడు, బాలుని వృత్తివిద్యకు పంపునట్లే, ఏమేమి నేర్పవలెనో ముందుగా వ్రాసి యీయవలెను. అంతకుముందు ఇంటియొద్దనే దానిని మచ్చిక చేయవలెను. ఆకలి దప్పులు ఒంటరిగా నున్నపుడు కలిగి, మేతయు నీరును మనుష్యుని చేతిమీదుగా వచ్చునట్లు చూడవలెను. అప్పుడు పిల్ల మనుష్యుని ప్రేమించుటయే గాక అతనికై ఎదురు చూచును. తాకినచో దానికి హాయి కలుగు చోట్ల నిమురవలెను. జనసమ్మర్దములోనికి నడిపించుకొని పోవలెను. అది దేనినైన చూచి బెదరినచో కొట్టరాదు. రౌతే ఆ వస్తువును తాకి చూపి, గుఱ్ఱమును మెల్లగా దగ్గఱకు తీసికొనిపోవలెను. కొట్టినచో ఆ బాధకు ఆ వస్తువే కారణమని తలచి గుఱ్ఱము మఱింత బెదరును.

ఇక గుఱ్ఱమును మళ్లించుట నేర్పు విధమును జెనొఫను శ్రద్ధతో వివరించెను. అందులకు గ్రీకులు సంకెల యని పేరు పెట్టిన ఒక సాధన కలదు. దానిని 8 అంకె వంటి బాటలో నడుపుటయని పలువురు వివరింతురు. ఒకే ప్రక్కకు ఎల్లప్పుడు త్రిప్పినచో గుఱ్ఱమున కొక దవడయే అలవాటు పడును. రెండవ ప్రక్కకు మొరాయించును. ఈ బాటలో నడుపునపుడు ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు తిరుగుటవలన రెండు ప్రక్కలకును సమానముగా మళ్లుట అలవడును. బాట గుండ్రముగా నుండుటకంటె కోలగా నుండుట మేలని అతని అభిప్రాయము. కొంతదూరము తిన్నగా పరుగెత్తిన గుఱ్ఱము తిరుగుటకు తానే ఇష్టపడును. తిన్నని పరుగును మలుపును ఒకేసారి నేర్చుకొనును.

మలుపు దగ్గఱకు వచ్చినపుడు వేగము తగ్గింపవలెను. వేగముగా పోవుచు ఇఱుకుగా తిరుగుట గుఱ్ఱమునకు కష్టము; నేల జాఱుడుగా నున్నచో అపాయము. మళ్లించునపుడు కళ్లెముతో గుఱ్ఱమును ప్రక్కకు ఒరగనీయరాదు. రౌతును ప్రక్కకు ఒరగరాదు. ఆ సమయమున కొంచెము ఒరిగినను ఇద్దఱును నేలపాలగుటకు అది చాలును. మలుపు పూర్తియై గుఱ్ఱము తిన్నగా నిలిచిన వెంటనే దానిని వేగముగా పోనీయవలెను. ఏలయనగా యుద్ధమున మళ్లుట యనునది తఱుముటకైన నగును, తప్పించుకొనుట కైన నగును. మళ్లిన పిమ్మట వేగము లేనిచో ఆ మలుపు నిష్ప్రయోజనము. పాఱిపోవుచునే బాణములు వేసిన పారసీక రౌతులను కన్నులార చూచినవాడు గనుకనే అతడీ సంగతిని ఇంత నిశ్చయముగా చెప్పగలిగెను.

కళ్లెము పట్టు చేతిని గూర్చి అతడు చెప్పిన మాటలు మిక్కిలి విలువైనవి. గుఱ్ఱము బాధతో తల విసరునంత గట్టిగా పట్టరాదు. సైగ తెలియనంత వదులుగాను విడువరాదు. అది మెడ నెత్తి చెప్పినట్లు చేసిన వెంటనే పగ్గమును సడలింపవలెను. చెప్పినట్లు చేసినచో సుఖము కలుగునని దానికి తెలియవలెను. పని చేయించిన చోటనే దిగి విశ్రాంతి నీయవలెను. అప్పుడు ఆ చోటు దానికి ఇష్టమగును. అన్నిటికంటె ముఖ్యముగా, కోపమున నున్నపుడు గుఱ్ఱము దగ్గఱకు పోనేరాదు. కోపము ముందుచూపు లేనిది. తరువాత పశ్చాత్తాపపడవలసిన పనిని చేయించును. బలవంతమున చేయించిన పనిని గుఱ్ఱము అర్థము చేసికొనలేదు. నాట్యమాడువానిని కొరడాతో కొట్టి ఆడించినచో ఆ ఆటలో అంద మెట్లుండును? గుఱ్ఱము విషయమును అట్టిదే. తనంత తాను చేసినపుడే దాని నడకలో శోభ కనబడును.

క్రీ. పూ. 371లో లూక్ట్రా యుద్ధమున స్పార్టా ఓడెను. తరువాత స్కిల్లసు భూమి జెనొఫను చేయి జాఱెను. అతడు కుటుంబముతో కొరింతు నగరము చేరెను. కాలక్రమమున ఏథెన్సు అతని బహిష్కారమును తొలగించెను. అతడు తన్ను వెడలగొట్టిన నగరముపై పగ పెట్టుకొనలేదు. ఏథెన్సు రౌతుల దళమును బాగుచేయు విధమును గూర్చి దళనాయకునికై మఱియొక గ్రంథము వ్రాసెను. తన కుమారులను ఏథెన్సు రౌతుల దళమునకు పంపెను. క్రీ. పూ. 362లో మాంటినియా దగ్గఱ జరిగిన పోరాటమున పెద్ద కుమారుడు గ్రిల్లసు గుఱ్ఱముపై పోరాడి వీరమరణము నొందెను.

ఆ వార్త వచ్చునప్పటికి జెనొఫను తలపై పూలదండ ధరించి దైవపూజ చేయుచుండెనని చెప్పుదురు. కుమారుడు మరణించెనని విని దండను తీసివేసెనట. ధైర్యముతో పోరాడి మరణించెనని విని మరల ధరించెనట. తాను కన్నది మర్త్యునే యని తనకు తెలియునని మాత్రము పలికెనట. జీవితమంతయు నేర్చిన నిగ్రహము ఆ వేళ అతనికి తోడు నిలిచెను. జెనొఫను క్రీ. పూ. 354 ప్రాంతమున కాలధర్మము నొందెను.

అతని అశ్వవిద్యా గ్రంథమును గుఱ్ఱములను పెంచువారు నేటికిని చదువుచున్నారు. యుద్ధములలో రౌతుల దళములకు పూర్వపు ప్రాధాన్యము పోయినది. అయినను ఆ గ్రంథము విలువ తగ్గలేదు. జెనొఫను జీవితమున రెండు పాఠములు ఎదురెదురుగా నిలిచియున్నవి. ఆర్మీనియా పల్లె మనుష్యుని ఒక సేనాని కొట్టగా అతడు చీకటిలో పాఱిపోయెను. అలసిన సైనికుని విసుగు మాటకు బదులు చెప్పక జెనొఫను డాలు మోయగా సైన్యమంతయు కొండ నెక్కెను. పిల్ల గుఱ్ఱమునకు మొదటి మలుపు నేర్పునపుడు రౌతు ఏ దారిని ఎన్నుకొనవలెనో ఆ రెంటివలన తేటపడుచున్నది. ముందుగా తన చేతిని, తన కోపమును అదుపున నుంచుకొన్నవానికే గుఱ్ఱము ఇష్టముతో మళ్లును.